రాడ్లు బిగిస్తే సగం వైద్యమే

సంపాదకుడికి,

రోడ్డు ప్రమాద బాధితులకు లక్షన్నర రూపాయల దాకా, ఏడు రోజుల పాటు నగదు రహిత చికిత్స అందేలా కేంద్రం 2025 మేలో పథకం నోటిఫై చేసింది. సంతోషం. కానీ మోకాలి కింద ఎముక విరిగి, చర్మం, కండ చీలిపోయిన కేసుల్లో ఆ ఏడు రోజులూ ఎలా గడిచిపోతున్నాయో పట్టించుకునేవాళ్లు కనబడటం లేదు.

మా బంధువుల అబ్బాయి బైకు మీద వెళ్తుంటే లారీ తగిలింది. దగ్గర్లోని ఆస్పత్రిలో వెంటనే గాయం కడిగి, కాలికి బయట రాడ్లు బిగించారు. అంతవరకు వంక పెట్టడానికి లేదు. ఆ తర్వాత రోజూ కట్టు మార్చడమే వైద్యమైంది. కట్టు విప్పినప్పుడల్లా ముంగాలి మీద అరచేతి వెడల్పున ఎముక కనబడేది. మొదట్లో తడిగా, తెల్లగా ఉన్నది రానురాను పసుపు తిరిగి ఎండిపోయింది. ‘‘కండ దానంతటదే పూడుతుంది, టెన్షన్ పడకండి’’ అన్నారు. ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి పంపేటప్పటికి చీము పట్టింది.

ముంగాలి ముందు వైపు ఎముక మీద ఉండేది చర్మమే. అది పోయి, ఎముక పైపొర కూడా లేచిపోతే, తొడ మీది పల్చటి చర్మం తెచ్చి అతికించినా పట్టదు. రక్తప్రసరణ ఉన్న కండతోనో, మందపాటి చర్మంతోనో కప్పాలి. దీన్నే ఫ్లాప్ అంటారు. మోకాలి దగ్గరైతే పిక్క కండను తిప్పి వేస్తారు. చీలమండకు దగ్గరైతే చాలాసార్లు తొడ నుంచో వీపు నుంచో కండ తెచ్చి, మైక్రోస్కోపు కింద రక్తనాళాలు కలపాల్సి వస్తుంది. ఆ పని చేసే ప్లాస్టిక్ సర్జన్లు ఎక్కువగా పెద్ద నగరాల్లోనే ఉన్నారు.

స్లొవేనియాకు చెందిన సర్జన్ మార్కో గోడినా చికిత్స చేసిన 532 మంది రోగుల ఫలితాలు 1986లోనే అచ్చయ్యాయి. 72 గంటల్లోపు ఫ్లాప్ వేసినవాళ్లలో ఇన్‌ఫెక్షన్ 1.5 శాతం. మూడు రోజులు దాటి మూడు నెలల లోపు వేసినవాళ్లలో 17.5 శాతం. పాత లెక్కే, కాదనను. ఇప్పుడు గాయంలోని తడిని యంత్రంతో పీల్చేసే వాక్యూమ్ డ్రెస్సింగులతో కొన్ని రోజులు నెట్టుకు రావచ్చు. తలకు దెబ్బ తగిలి ప్రాణం మీదికొచ్చిన మనిషికి కాలి సంగతి ఎలాగూ ఆగాల్సిందే. అయినా బ్రిటన్ మార్గదర్శకాలు నేటికీ 72 గంటల్లోపే గాయం కప్పాలంటున్నాయి. అంత దూరం ఎందుకు, కోయంబత్తూరులోని గంగా ఆస్పత్రిలో ఎముకల డాక్టరు, ప్లాస్టిక్ సర్జన్ మొదట్లోనే కలిసి చూస్తారు. కాలు నిలుస్తుందా లేదా అంచనా వేయడానికి వాళ్లు తయారు చేసిన స్కోరు విదేశాల్లోనూ చర్చకు వచ్చింది.

మన రెండు రాష్ట్రాల్లో అడగాల్సింది పెద్ద కోరికేమీ కాదు. ఇలాంటి గాయాన్ని మొదట చూసిన ఆస్పత్రి, ఫ్లాప్ కావాలా వద్దా అన్నది 24 గంటల్లోపు కేస్ షీట్‌లో రాయాలి. గాయం ఫొటోలు ప్లాస్టిక్ సర్జన్‌కు ఆ రోజే పంపాలి. పథకంలో ఉన్న ఆస్పత్రుల్లో ఎక్కడ ఇద్దరు డాక్టర్లూ ఉన్నారో 108 సిబ్బంది చేతిలో జాబితా ఉండాలి. ఆస్పత్రుల జాప్యం వల్ల ఫ్లాప్ ఎనిమిదో రోజుకు జారితే ఆ బిల్లు కుటుంబం నెత్తిన పడుతుంది. కనీసం ఈ గాయాలకైనా ఏడు రోజుల గడువు సడలించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, సూర్యాపేట