ఆఫీసు కిట్టులోని రబ్బరు ట్యూబులు వాపసు ఇవ్వండి: ఎందుకో, ఇక ముందు ఏం చేద్దామో

ఆఫీసు బ్యాచ్ సభ్యులందరికీ నమస్కారం.

ముందు పని మాట. ఆఫీసులో వ్యాయామం చేసుకోమని మీకిచ్చిన కిట్టులోని రబ్బరు ట్యూబును ఇవాళ్టి నుంచి ఎవరూ గుంజొద్దు. ఎర్రదైనా నల్లదైనా, పైకి కొత్తగానే కనిపిస్తున్నా సరే. పది రోజుల్లో రెండు తెగాయి. ఒకటి సుబేదారి వైపు ఒక ఆఫీసులో, పిడి దగ్గర పుటుక్కున తెగి మన సభ్యురాలి ముంజేతికి తగిలింది. వాత తేలింది, రెండు రోజులు నొప్పి ఉంది. రెండోది నక్కలగుట్టలో మన వ్యాయామ హాల్లోనే, పరీక్ష కోసం గుంజుతుంటే తెగింది. అదే ట్యూబును ముఖం ఎత్తులో తలుపుకు కట్టి గుంజుతున్నప్పుడు తెగితే నేరుగా కంటికి తగిలేది. అందుకే మొత్తం 38 కిట్లూ వెనక్కి తీసుకుంటున్నాం.

మేం అడిగిన సరుకు వేరు, వచ్చింది వేరు. ట్యూబుల్లో రెండు రకాలుంటాయి. ఒకటి రబ్బరు పాలలో మళ్లీ మళ్లీ ముంచి, పొర మీద పొర ఎక్కించి చేసేది. కత్తితో కోసి చూస్తే ఉల్లిగడ్డ లాగా వలయాలు కనిపిస్తాయి. ఇది పాడయ్యేటప్పుడు మొదట పై పొర లేస్తుంది, చేతికి తెలుస్తుంది, పక్కన పెట్టేయొచ్చు. రెండోది ఒకే ముద్దను అచ్చులోంచి నెట్టి తీసేది. దాని మీద గోరంత గాటు పడ్డా, గుంజినప్పుడు ఆ గాటు లోపలికి పాకి ఒక్కసారిగా తెగుతుంది. ముందు సూచన ఉండదు. హైదరాబాద్ సరఫరాదారు చూపించిన రెండు సాంపిళ్లూ పొరల రకమే. వాటిని నాలుగు నెలలు హాల్లో వాడి చూశాకే 40 ఆర్డరిచ్చి, అరవై శాతం అడ్వాన్సు కట్టాం.

వచ్చిన డబ్బాలో రంగు అదే, పిడి అదే, కవరు అదే. పొడవు కూడా 1.2 మీటర్లే. తెగిన తర్వాత సాంపిల్‌నూ, వచ్చినదాన్నీ కోసి వెర్నియర్‌తో కొలిచాం. బయటి వ్యాసం రెండింటిదీ 11 మిల్లీమీటర్లు. సాంపిల్ ట్యూబు గోడ మందం రెండున్నర మిల్లీమీటర్లుంటే, వచ్చినదాని గోడ 1.8. పిడులు తీసేసి వంటింటి కాటా మీద పెడితే సాంపిల్ 75 గ్రాములు తూగింది, వచ్చినవి 58, 59. పైగా వలయాల్లేవు, ఒకే ముద్ద. గోడ పలచబడితే గుంజే బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. ఒకే పొడవుకు సాగదీసినా దాదాపు ఐదో వంతు తక్కువ. మూడు వారాలకే "ఎర్ర ట్యూబు తేలికైపోయింది, నల్లది ఇవ్వండి" అని చాలామంది అడిగారు కదా. అందులో కొంత మీ కష్టమే, కొంత మాత్రం ఈ పలచటి గోడ. ఈ మాట చెప్పడం కష్టంగా ఉంది, కానీ మీకు తెలియాలి.

సరఫరాదారు చెప్పిన జవాబు ఒక్కటే: మీ కస్టమర్లు స్కూటీ డిక్కీలో పెట్టి ఎండబెట్టారు. వేడికి రబ్బరు పాడవుతుందన్నది నిజమే. ఎండలో నిలబెట్టిన బండి డిక్కీలో పెట్టొద్దని కిట్టు మీద మేమే రాశాం. రబ్బరుకు నూనె పడదు, తలకు రాసుకున్న కొబ్బరినూనె చేతికంటి ట్యూబుకు తగిలినా మెల్లగా ఉబ్బి మెత్తబడుతుంది. పాత జిరాక్స్ మిషన్ల నుంచి కొద్దిగా ఓజోన్ వస్తుంది, సాగదీసి కట్టి ఉంచిన రబ్బరు దానికి పగుళ్లిస్తుంది. పాత ఫైళ్లకు వేసిన రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తెగడం మీరందరూ చూసిందే, ఆ ముసలితనమే ఇది. కానీ ఇవన్నీ మెల్లగా జరిగే పనులు. ఐదు వారాల్లో 75 గ్రాముల ట్యూబు 58 గ్రాములు కాదు. ఎండ ట్యూబు గోడ మందాన్ని కోసుకుపోదు. ఫొటోలు, కాటా మీది తూకం, రెండు ముక్కలూ పంపాం. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. అడ్వాన్సు తిరిగొస్తుందో లేదో ఇంకా తేలలేదు. అది మా తలనొప్పి, మీ మీద ఒక్క రూపాయి పడదు. డబ్బు వచ్చినా రాకపోయినా ఆ సరుకు మళ్లీ మన మెట్లెక్కదు.

గ్రూపులో ఒకరు "సైకిల్ ట్యూబులు అంటగట్టారు" అని రాశారు. ఆ మాట చాలా నొప్పించింది. నాలుగు నెలలు పరీక్షించి ఎంచిన వస్తువు అది. అయితే డబ్బా విప్పగానే ఒక్కదాన్ని కాటా మీద పెట్టి ఉంటే అప్పుడే పట్టుకునేవాళ్లం. తూకం వేయకుండా మీ చేతికివ్వడం మా తప్పు, క్షమించండి. ఇకపై వచ్చే ప్రతి డబ్బాలో ప్రతి ట్యూబునూ తూచి, ఒకదాన్ని కోసి చూశాకే మిగతావి హాల్లోకి వస్తాయి.

ఇప్పుడు మమ్మల్ని పది రోజులుగా నిద్రపోనివ్వని ప్రశ్న. వెంటనే వేరే దగ్గర మంచి ట్యూబులు కొని అందరికీ మళ్లీ పంచడమా, లేక ఆఫీసుల్లో ట్యూబే వద్దనడమా?

వద్దని అనడం సులువు కాదు, ఎందుకంటే ట్యూబు వల్ల ఆఫీసులో దొరికేది మరో రకంగా తేలిగ్గా దొరకదు. నూకుడు వ్యాయామానికి టేబులుంది, గోడ ఉంది. కాళ్లకు కుర్చీ ఉంది, మెట్లున్నాయి. గుంజుడుకు మాత్రం ఏదీ లేదు. రోజంతా కీబోర్డు మీదికి వంగి కూర్చునేవాళ్లకు బుజాలు ముందుకు పడతాయి, వీపు మీది రెక్కల మధ్య కండరం సాగి బలహీనపడుతుంది, సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. వాళ్లకు నూకుడు కంటే గుంజుడే ఎక్కువ కావాలి. టేబులు కింద పడుకుని అంచు పట్టుకుని పైకి లేవడం లాంటివి చేస్తామని కొందరు అడిగారు. ఒప్పుకోం. ఆఫీసు టేబుళ్లు చాలావరకు పలచటి ఇనుప ఫ్రేము మీద చెక్క పలక బిగించినవి, మనిషి బరువుకు పలక ఊడొచ్చు, టేబులే తిరగబడొచ్చు.

అయినా చివరికి తేల్చుకున్నది ఇదే: ఆఫీసులో ట్యూబు ఉండదు. మంచి ట్యూబైనా ప్రతిసారీ వాడే ముందు చూసుకోవాలి. కొద్దిగా సాగదీసి, వెలుతురులో తిప్పుతూ తెల్లటి గీతలు, జిగురు, గాట్లు ఉన్నాయా అని చూడాలి. పిడిలోకి దూరే చోట రెండుసార్లు చూడాలి, ఎక్కువగా తెగేది అక్కడే. ఉన్న పొడవుకు రెండున్నర రెట్లు దాటి, అంటే మన ట్యూబును మూడు మీటర్లు దాటి, గుంజకూడదు. తలుపుకు కట్టినప్పుడు, మనం గుంజే వైపే తలుపు మూసుకునేలా ఉండాలి, లేదంటే గుంజినప్పుడు గొళ్లెం ఊడి తలుపు తెరుచుకుంటుంది. లంచ్‌కు ముందు పది నిమిషాల్లో, ఫోన్ మోగుతుంటే, ఇవన్నీ రోజూ ఎవరూ చూడరు. చూడనివాళ్ల తప్పు కాదది, ఆఫీసు అలాంటి చోటు. ట్యూబులు శనివారం క్లాసులో, మా కళ్ల ముందే. దీని మీద ఎంత అడిగినా మార్చం.

గుంజుడుకు బదులు మీ ఆఫీసు బ్యాగే వాడదాం. లీటరు నీళ్ల సీసా అంటే కిలో. కొత్తవాళ్లు మూడు సీసాలు, అలవాటున్నవాళ్లు ఐదు బ్యాగులో పెట్టి, సందుల్లో తువ్వాలు కుక్కండి. లేకుంటే సీసాలు ఒక పక్కకు దొర్లి మణికట్టు మెలిపడుతుంది. పైన ఉండే చిన్న పిడిని పట్టుకోవద్దు, దాని కుట్లు ఊడతాయి. రెండు బుజం పట్టీలూ కలిపి పట్టుకోండి. ఎడమ అరచేయి టేబులు మీద ఆనించి, వీపు చదునుగా ఉంచి ముందుకు వంగి, కుడిచేత్తో బ్యాగును జేబు వైపు గుంజండి. మోచేయి వెనక్కి పోవాలి, బుజం చెవి వైపు లేవకూడదు. మెడ నొస్తుంటే బుజం లేస్తోందని అర్థం, ఒక సీసా తీసేయండి. ఒక్కో వైపు 10 సార్లు. 12 తేలిగ్గా వస్తే ఇంకో సీసా వేయండి.

దీనికి ముందు కుర్చీలోంచి లేచి కూర్చోవడం 12 సార్లు, కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ మెల్లగా. కింద చక్రాలున్న కుర్చీ వద్దు, జారిపోతుంది. నాలుగు కాళ్ల కుర్చీని గోడకు ఆనించండి. తర్వాత టేబులు అంచు మీద చేతులు పెట్టి నూకుడు 8 నుంచి 12. టేబులు కదిలితే, పైన అద్దముంటే, గోడకు మారండి. ఆ తర్వాత బ్యాగు, చివరగా గోడ పట్టుకుని మడమలెత్తడం 15. ఇదంతా రెండు చుట్లు చేస్తే తొమ్మిది, పది నిమిషాలు పడుతుంది. సోమ, బుధ, శుక్రవారాలు చేయండి. శుక్రవారం బ్యాగు వదిలేయండి, మర్నాడు క్లాసులో గుంజుడు ఉంటుంది.

ఈ పది నిమిషాలు భోజనానికి ముందే. లంచ్ డబ్బా తిన్న వెంటనే వంగడం, లేవడం చేస్తే కడుపులోది పైకి తన్నుతుంది. తిన్నాక చేయాల్సింది పది నిమిషాల మెల్లటి నడక. అన్నం తిన్న తర్వాత రక్తంలో పెరిగే చక్కెరను అది తగ్గిస్తుంది. కానీ ఎండాకాలంలో ఆ టైమున బయట నడవొద్దు, మన ఓరుగల్లు మే ఎండ మీకు చెప్పక్కర్లేదు. కారిడారు చాలు.

భోజనానికి ముందే అన్న నియమానికి ఒకే ఒక మినహాయింపు. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు ఖాళీ కడుపుతో చేస్తే చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, కళ్లు తిరగడం వస్తే వెంటనే ఆపి మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. వీళ్లు పదకొండున్నర చాయ్ వేళ ఏదైనా తిని, అరగంట తర్వాత చేయండి, ముందు డాక్టరును అడగండి. బీపీ ఉన్నవాళ్లు ఏ కదలికలోనూ ఊపిరి బిగబట్టొద్దు. గోడకు ఆని కుర్చీలా కూర్చోవడం మీ దగ్గరున్న పాత వ్యాయామాల చార్టులో ఉంది, బీపీ ఉన్నవాళ్లు దాన్ని కొట్టేయండి.

"ఇంత చిన్న ముక్కలు లెక్కలోకి వస్తాయా" అని చాలామంది అడుగుతున్నారు. వస్తాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ, రెండు రోజులైనా కండరాల పని చెప్తుంది. ఒక్కోసారి కనీసం పది నిమిషాలుండాలన్న పాత షరతును 2020లో తీసేసింది. మెట్లెక్కిన రెండు నిమిషాలు కూడా లెక్కే. కానీ ఓ మాదిరి అంటే మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగం. భోజనం తర్వాతి మెల్లటి నడకను ఆ 150లో వేసుకోవద్దు. ఆఫీసుకు వచ్చేటప్పుడు ఒక స్టాపు ముందు దిగో, బండి దూరంగా పెట్టో పది నిమిషాలు, తిరిగి వెళ్లేటప్పుడు పది నిమిషాలు వేగంగా నడిస్తే ఐదు రోజులకు వంద. మిగతా యాభై మెట్లమీద, ఆదివారం భద్రకాళి చెరువు బండ్ మీద రాబట్టొచ్చు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మెట్లెక్కి, దిగేటప్పుడు లిఫ్టు వాడండి. భారం ఎక్కువ పడేది దిగేటప్పుడే.

కిట్టు డిపాజిట్ 650 రూపాయలు ట్యూబు ఇచ్చిన వెంటనే చేతికిస్తాం. తెగినదైనా, పిడి ఊడినదైనా, కవరు లేకున్నా అంతే ఇస్తాం. నెల ఫీజు నుంచి తగ్గించమంటే అలాగే. ఈ నెలతో మానేస్తామంటే మిగిలిన రోజుల ఫీజు కూడా తిరిగిస్తాం, కారణం అడగం. శనివారం క్లాసు మాత్రం అరగంట పెంచి, పొద్దున ఆరు నుంచి ఏడున్నర దాకా చేశాం, అదనపు ఫీజు లేదు.

వాపసు ఇవ్వడానికి పొద్దున ఆరు నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది మధ్య హాలుకు రండి. ఒకే ఆఫీసులో ఐదుగురు, అంతకు మించి ఉంటే ఒకరి దగ్గర పోగుచేసి గ్రూపులో చెప్పండి, లంచ్ టైమున మేమే వచ్చి తీసుకుని, కొత్త చార్టు గోడకు అంటించి వెళ్తాం. పడేద్దామనుకున్నవాళ్లు దయచేసి పడేయకండి, చెత్తడబ్బాలోంచి పిల్లలు తీసుకుని గుంజుతారు. ఇప్పటిదాకా 11 వచ్చాయి. ఇంకా 27 రావాలి.