జిల్లాకు వచ్చిన 5జీ వంటింట్లోకి ఎందుకు రాలేదు?

గౌరవనీయులు కేంద్ర కమ్యూనికేషన్ల శాఖ సహాయ మంత్రి డాక్టర్ పెమ్మసాని చంద్రశేఖర్ గారికి,

నమస్కారం.

2025 ఫిబ్రవరి నెలాఖరుకు దేశంలో 99.6 శాతం జిల్లాలకు 5జీ అందిందని, 4.69 లక్షల 5జీ టవర్ యంత్రాలు, అంటే బీటీఎస్‌లు పెట్టారని, 25 కోట్ల మంది వాడుతున్నారని ప్రభుత్వం లెక్క చెప్పింది. 2022 అక్టోబరు 1న మొదలైన సేవకు ఇది తక్కువేమీ కాదు. అయినా 5జీ ఫోన్ కొని, సెట్టింగ్స్‌లోకి వెళ్లి 4జీకి మార్చుకుని వాడుకునేవాళ్లు ఏ వీధిలో చూసినా ఉన్నారు. వీళ్లకు అవగాహన లేదు, ప్రచారం పెంచితే సరిపోతుంది అనుకుంటే పొరపాటు. వాళ్లు వాడి చూశాకే వద్దనుకున్నారు.

ఎందుకో చూడాలంటే ఒక డాబా ఇల్లు చాలు. మన దగ్గర 5జీ ఎక్కువగా నడిచేది 3300 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్ మీద. బ్యాండ్ అంటే సిగ్నల్ నడిచే తరంగాల వరస; దీన్ని ఫోన్ల భాషలో ఎన్78 అంటారు. వేగం బాగా ఇస్తుంది, గోడ అడ్డొస్తే చతికిలబడుతుంది. వీధి గేటు దగ్గర మైనస్ 85 డీబీఎం (సిగ్నల్ బలం కొలత) చూపించే ఫోన్, రెండు గోడలు, ఒక స్లాబు దాటి వంటింట్లోకి వెళ్లేసరికి మైనస్ 115కి పడిపోవడం మామూలే. అంకెల్లో తేడా ముప్పయ్యే, సిగ్నల్ బలంలో మాత్రం వెయ్యో వంతు. అక్కడ ఫోన్ కాసేపు 5జీని పట్టుకుంటుంది, వదిలేసి 4జీకి దిగుతుంది, మళ్లీ వెతుకుతుంది. ఈ వెతుకులాటలో బ్యాటరీ కరుగుతుంది, ఫోన్ వేడెక్కుతుంది. సాయంత్రానికి చార్జింగ్ అయిపోయిందని షాపుకు తెస్తే అక్కడివాళ్లు చేసే మొదటి పని ‘ప్రిఫర్డ్ నెట్‌వర్క్’లో 5జీ తీసేయడం. ఒకసారి తీసేశాక మళ్లీ పెట్టుకునేవాళ్లు అరుదు. తర్వాత ఆరు నెలలకు వీధి చివర కొత్త టవర్ వచ్చినా ఆ ఫోన్‌కు తెలియదు.

పైన కనిపించే 5జీ గుర్తునూ పూర్తిగా నమ్మడానికి లేదు. పాత 4జీని ఆసరా చేసుకుని నడిచే నాన్ స్టాండలోన్ పద్ధతిలో, దగ్గర్లో 5జీ ఉందని 4జీ టవర్ చెప్పగానే కొన్ని ఫోన్లు గుర్తు చూపించేస్తాయి. డేటా అప్పటికింకా 4జీ మీదే నడుస్తూ ఉండవచ్చు. ‘5జీ వచ్చినా వీడియో తిరుగుతూనే ఉంది’ అనే మాట సగం ఇక్కడ పుట్టిందే. మిగతా సగానికి కారణం టవర్ వెనక ఉంటుంది. టవర్‌కు ఫైబర్ తీగ లేకుండా, గాల్లో రేడియో తరంగాలతో కలిపే మైక్రోవేవ్ లింకు మీద నెట్టుకొస్తే, పైన ఎంత కొత్త రేడియో బిగించినా సాయంత్రం పూట వెనక దారి ఇరుకే.

దీనికి మందు 700 మెగాహెర్ట్‌జ్ బ్యాండ్, అంటే ఎన్28. వేగం తక్కువైనా దూరం వెళ్తుంది, గోడలోంచి దూరుతుంది. అయితే ఆ బ్యాండును వాడే కంపెనీ సిమ్ ఉండాలి, ఫోన్‌లోనూ ఆ బ్యాండు ఉండాలి. మొదట్లో వచ్చిన కొన్ని 5జీ ఫోన్లలో ఎన్78 ఉంది, ఎన్28 లేదు. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘5జీ’ అని ఉంటుంది కానీ, ఏ బ్యాండ్లు ఉన్నాయో, 4జీ ఆసరా లేకుండా నడిచే స్టాండలోన్ పద్ధతి పనిచేస్తుందో లేదో తెలియాలంటే కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకాలి. ఫ్రిజ్ మీద కరెంటు నక్షత్రాలు అతికించినట్టే ఈ మూడు ముక్కలూ (ఎన్28, ఎన్78, స్టాండలోన్) ఫోన్ పెట్టె ముందువైపు ఉండేలా ఆదేశించండి. దీనికి ఒక స్టిక్కర్ సరిపోతుంది.

ఇక డబ్బు సంగతి. 2024 జూలైలో చార్జీలు పెరిగినప్పుడు అపరిమిత 5జీని రోజుకు 2 జీబీ, ఆపైన ప్లాన్లకే పరిమితం చేశారు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్లాన్ వేసుకునే ఇల్లాలికి ఆ సంగతి ఎవరూ చెప్పరు. ఫోన్ కొత్తది, సిగ్నల్ ఉంది, 5జీ మాత్రం రాకపోవచ్చు. ఫోన్‌లోనే లోపమనుకుంటుంది. రీచార్జ్ యాప్‌లో ‘చెల్లించు’ బటన్ పైనే, ఆమె భాషలోనే, ‘ఈ ప్లాన్‌లో అపరిమిత 5జీ లేదు’ అని రాయడం కష్టమా? చిన్న అక్షరాల షరతుల్లో ఉందంటే ఒప్పుకోవద్దు.

కొలత దగ్గరే అసలు చిక్కు. మా విన్నపాల్లో ముఖ్యమైనదీ ఇదే. టెక్నాలజీవారీగా కవరేజీ మ్యాపులు పెట్టమని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లోనే కంపెనీలను ఆదేశించింది. మంచి పని. కానీ మ్యాపులో రంగు పడినంత మాత్రాన స్లాబు కింద సిగ్నల్ ఉన్నట్టు కాదు. వాహనంలో తిరుగుతూ సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్టులు ప్రధానంగా రోడ్ల మీద జరుగుతాయి, జనం ఫోన్ వాడేది ఎక్కువగా ఇంట్లో. ఇరవై నాలుగు గంటలు దాటి సేవ ఆగితే పరిహారం ఇవ్వాలన్న నిబంధన కూడా జిల్లా మొత్తానికి ఆగితేనే. ఒక ఊరి టవర్ నాలుగు రోజులు పడుకుంటే ఎవరికీ పట్టదు. రాష్ట్రం 2014లో విడిపోయినా, టెలికాం లెక్కల్లో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ ‘ఆంధ్రప్రదేశ్’ అనే ఒకే సర్కిల్ (సేవా ప్రాంతం). శ్రీకాకుళం సంగతీ ఆదిలాబాద్ సంగతీ ఒకే వరసలో కలిసిపోతాయి.

కాబట్టి జిల్లా లెక్కను పక్కన పెట్టి గ్రామం, వార్డు లెక్క అడగండి. ప్రతిచోటా ఆరుబయట ఒక కొలత, మూడు గోడల లోపల ఇంకో కొలత, రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో. నెట్ వేగం కొలిచే ట్రాయ్ మైస్పీడ్ యాప్‌కు ‘ఇంట్లో ఉన్నాను’, ‘బయట ఉన్నాను’ అని రెండు బటన్లు తగిలిస్తే జనమే కొలిచిపెడతారు. మ్యాపులో ఊరి పేరు తెలుగులో కొట్టినా దొరకాలి.

మోసాల గురించి ఒక్క మాట. 4జీ సిమ్‌తోనే 5జీ పనిచేస్తుందని ఇంకా చాలామందికి తెలియదు. ‘సిమ్ 5జీకి మారుస్తాం, ఓటీపీ చెప్పండి’ అనే ఫోన్లు ఆ సందులోంచే దూరుతున్నాయి. బ్యాంకు ఖాతా ఖాళీ అయ్యాక సైబర్ నేరాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయమని చెప్పేకంటే, కాలర్ ట్యూన్‌లో పది సెకన్లు ఈ ముక్క తెలుగులో వినిపించండి.

మ్యాపు ముందుగా రెండు రాష్ట్రాల్లో ఒక్కో మండలంలో చేసి చూడండి. పచ్చ రంగున్న ఊళ్లో ఏదో ఒక వంటింట్లో మీ అధికారి నిలబడి ఒక వీడియో కాల్ చేస్తే, ఆ మ్యాపు నిజమో కాదో రెండు నిమిషాల్లో తేలుతుంది.

భవదీయులు,
మొబైల్ నెట్‌వర్క్, ఫోన్ మరమ్మతు పనుల్లో ఉన్నవాళ్లం