కృతజ్ఞతల జాబితా రాసేవారి పేరు ఏది?

సంపాదకుల వారికి,

నమస్కారం. కొత్త ఫోన్ల గురించి, కొత్త యాప్‌ల గురించి, వాటిని తెచ్చిన కంపెనీల గురించి మీ పత్రికలో తరచూ చదువుతుంటాను. ఆ ఫోన్లలో, యాప్‌లలో చాలా భాగం ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ మీదే, అంటే ఎవరైనా చదివి, మార్చి, వాడుకోగలిగేలా కోడ్‌ను బయటపెట్టిన సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తుంది. అందులో ఎంతో పనిని జీతం భత్యం లేకుండా, రోజూ ఉద్యోగం పని ముగిశాక మిగిలిన సమయంలో చూసుకునేవారు ఉన్నారు. వారినే మెయింటెయినర్లు అంటారు. వారికి దక్కవలసిన గుర్తింపు గురించే ఈ ఉత్తరం.

నేను పద్దుల సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగినిని. 2024లో మా ప్రోగ్రాంలో ఒక తేడా బయటపడింది. ఫిబ్రవరి 29న రాసిన పద్దులు మార్చి 1 కింద కనబడుతున్నాయి. వెతగ్గా వెతగ్గా తప్పు మా కోడ్‌లో లేదని, మేము వాడుకుంటున్న ఒక చిన్న ఓపెన్ సోర్స్ లైబ్రరీలో, అంటే వేరేవారు రాసిపెట్టిన కోడ్‌లో ఉందని తేలింది. రాత్రి పొద్దుపోయాక ఆ సంగతి దాని మెయింటెయినర్‌కు రాసి పంపాను. తెల్లవారేసరికి జవాబు వచ్చింది. ఏ ఫైలు చదివినప్పుడు ఇలా జరుగుతోందో అందులోంచి నాలుగు వరుసలు పంపమన్నారు. పంపాను. తప్పు ఎక్కడుందో చూపించి, దిద్దే అవకాశం నాకే ఇచ్చారు. నేను రాసింది రెండుసార్లు తిప్పి పంపారు. మొదటిసారి ఒక షరతు మరిచిపోయానని, రెండోసారి ఇదే తప్పు మళ్లీ రాకుండా ఒక పరీక్ష కూడా రాసి జతచేయమని. తానే దిద్దుకుంటే ఆయనకు పది నిమిషాల పని. నాకు నేర్పడం కోసం వారం రోజులు ఓపిక పట్టారు.

కొత్త వెర్షన్ విడుదలైంది. కింద కృతజ్ఞతల జాబితాలో 14 పేర్లున్నాయి, తొమ్మిదోది నాది. సంబరంగా ఇంట్లో అందరికీ చూపించాను. మర్నాడు మళ్లీ చదువుతుంటే తట్టింది. ఆ 14 మార్పులనూ చదివి, సరిచూసి, విడుదల చేసిన మనిషి పేరు అందులో లేదు. జాబితా రాసింది ఆయనే మరి!

ఎవరు ఎన్ని వరుసలు రాశారో కంప్యూటర్ లెక్కగడుతుంది. ఎవరో ఉత్సాహంగా పంపిన 300 వరుసల మార్పును రెండు సాయంత్రాలు కూర్చుని చదివి, ఇది పాత వాడుకరుల పని చెడగొడుతుందని ఎదుటివారు నొచ్చుకోకుండా చెప్పి వెనక్కి పంపితే, ఆ రెండు సాయంత్రాలు ఏ లెక్కలోకీ రావు. అడిగిన ప్రశ్నే ఇరవయ్యోసారి అడిగినవారికి విసుక్కోకుండా చెప్పడమూ అంతే. ఒక ప్రాజెక్టు పదేళ్లు నిలబడిందంటే ఇలాంటి పనివల్లే నిలబడింది.

ఈ మనుషులను పట్టించుకోకపోతే ఏం జరుగుతుందో చూశాం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే సాధనం లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే దాదాపు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒకే ఒక్క వ్యక్తి స్వచ్ఛందంగా చూసుకుంటూ వచ్చారు. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతం లేని పని అని 2022లో ఆయన బహిరంగంగానే రాశారు. అప్పటికే ‘పని ఆలస్యమవుతోంది, వేరేవారికి అప్పగించండి’ అంటూ కొందరు ఆయన వెంట పడ్డారు. సాయం చేస్తానంటూ వచ్చిన ఒక అపరిచితుడు మెల్లగా నమ్మకం సంపాదించి, తానూ మెయింటెయినర్ అయి, 2024 ఫిబ్రవరిలో వచ్చిన వెర్షన్‌లో దొంగదారి పెట్టాడు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, సర్వర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని తవ్వి చూడబట్టి మార్చి 29న అది బయటపడింది. లేకపోతే ఎన్ని సర్వర్ల తలుపులు తెరుచుకునేవో! నాలుగు మంచి మాటలతో ఆ దాడి ఆగిపోయేదని నేను అనను. కానీ అలసిపోయానని ఒక మనిషి నోరు తెరిచి చెప్పినప్పుడు, ఆ సాధనం మీద వ్యాపారం చేస్తున్న ఇన్ని కంపెనీలలో ఒక్కటైనా ముందుకొచ్చి చేయి అందించి ఉంటే, ఆ అపరిచితుడికి అంత సులువుగా చోటు దొరికేది కాదు.

2014 ఏప్రిల్‌లో ఓపెన్ఎస్ఎస్ఎల్ అనే సాఫ్ట్‌వేర్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడ్డప్పుడూ ఇదే కథ. ఇంటర్నెట్ భద్రతకు ఆధారమైన ఆ సాఫ్ట్‌వేర్‌కు అప్పటిదాకా అందుతున్న విరాళాలు ఏడాదికి సుమారు 2,000 డాలర్లు! పెద్ద కంపెనీలు కలిసి నిధి పెట్టింది ఆ తర్వాతే.

గుర్తింపు అనగానే బిళ్లలు, పతకాలు పంచడం అనుకుంటే మేలుకు బదులు కీడే జరుగుతుంది. హాక్టోబర్‌ఫెస్ట్ అనే ఉత్సవంలో ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు నాలుగు మార్పులు పంపినవారికి టీషర్టు ఇచ్చేవారు. 2020లో టీషర్టు కోసం ఒక మాట అటు, ఒక చుక్క ఇటు మార్చి వేలంవెర్రిగా పంపారు. ఆ చెత్త ఏరే పని మెయింటెయినర్ల నెత్తినే పడింది. చివరికి ఇష్టపడిన ప్రాజెక్టులకే ఉత్సవం వర్తించేలా నిర్వాహకులు నిబంధన మార్చవలసి వచ్చింది. ఎవరిని గౌరవించాలని మొదలుపెట్టారో వారినే ఆ గౌరవం బాధపెట్టింది.

మంచి పద్ధతులు లేకపోలేదు. లైనక్స్‌కు గుండెకాయలాంటి కెర్నెల్ అనే ప్రోగ్రాంలో ప్రతి మార్పుతోపాటు దాన్ని ఎవరు సమీక్షించారు, ఎవరు పరీక్షించారు, తప్పును మొదట ఎవరు చెప్పారు అన్నది పేర్లతో సహా నమోదు చేసే ఆనవాయితీ ఉంది. పాత మెయింటెయినర్ల పేర్లు చెరిగిపోకుండా ‘క్రెడిట్స్’ అనే ఫైలు ఉంది. ఈ రెండోది నాకు మరీ నచ్చింది. తప్పుకునే దారి గౌరవంగా ఉంటే, ఓపిక అయిపోయినవారు మొహమాటానికి వేలాడవలసిన అవసరం ఉండదు.

ఇక కంపెనీలకు నా మనవి. మీ ఉద్యోగులలో ఇలాంటి మెయింటెయినర్లు ఉండే ఉంటారు. ఆ పనికి వారంలో కొన్ని గంటలు జీతంతో ఇవ్వండి. పదోన్నతుల వేళ దాన్ని అనుభవంగా లెక్కించండి. వాడుకుంటున్న ప్రతి లైబ్రరీకీ డబ్బు పంపలేకపోవచ్చు, వాటిని ఎవరు చూసుకుంటున్నారో ఒక జాబితా అయినా రాసిపెట్టుకోండి. మా ఆఫీసులో ఆ జాబితా రాయడానికి కూర్చుంటే, సగం పేర్లు మాలో ఎవరికీ తెలియవని తేలింది. నాకు సిగ్గనిపించింది.

మీరు కూడా, సంపాదకుల వారూ, కొత్త యాప్ గురించి రాసినప్పుడల్లా దాని అడుగున ఎవరి చాకిరీ ఉందో రెండు వాక్యాలు చేర్చమని కోరుతున్నాను.

ఆ లైబ్రరీ కృతజ్ఞతల జాబితాలో దాన్ని చూసుకునే ఆయన పేరు కూడా ఉండాలంటూ గత నెల ఒక చిన్న మార్పు పంపాను. ఒకే ఒక్క వరుస. రెండు రోజుల తర్వాత ఒప్పుకున్నారు. ఒప్పుకుంటూ దాని కింద తానే ఇంకో రెండు పేర్లు చేర్చారు. ఒకామె ఆరేళ్లుగా దాని అనువాదాలు సరిచూస్తున్నారట, ఇంకొకరు సర్వర్ చూసుకుంటున్నారట. ఇన్నేళ్లుగా ఆ లైబ్రరీ వాడుతూ, వాళ్లిద్దరూ ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది.

భవదీయురాలు,
ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని