ఆ సుడో చిట్కా సగమే వేశారు

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ కంప్యూటర్ పేజీలో ఉబుంటు అనే లినక్స్ సిస్టమ్‌లో సుడోకి (మామూలు యూజర్ చేత అడ్మిన్ అధికారంతో పనులు చేయించే కమాండ్) మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టక్కర్లేకుండా ఓ చిట్కా వేశారు, సుడో ఎవరికి చెల్లుతుందో రాసుండే సుడోయర్స్ ఫైల్ తెరిచి మన యూజర్ పేరు రాసి చివర్లో NOPASSWD, కోలన్, ఆల్ అని పెట్టేస్తే చాలన్నారు. అబద్ధం కాదండీ, పనిచేస్తుంది. కానీ చెప్పింది సగమే, ఆ మిగతా సగం తెలీక మా డీటీపీ షాపులో ఒక పూటంతా పని ఆగిపోయింది.

మీ కాలమ్ ఇరుకు కదా, ఆ లైన్ NOPASS దగ్గర తెగి చిన్న గీత పడింది, మా తమ్ముడు పేపర్ పక్కన పెట్టుకుని ఆ గీతతో సహా కొట్టి సేవ్ చేశాడు. మాది ఇంకా పాత ఉబుంటు 20.04, అంతే, సుడో మొత్తానికే మొరాయించింది. సరిచేద్దామంటే ఆ ఫైల్ ముట్టుకోడానికి మళ్ళీ సుడోనే కావాలి, ఉబుంటులో రూట్‌కి (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) విడిగా పాస్‌వర్డ్ పెట్టి ఇవ్వరు, తాళంచెవి లోపలుంచి తలుపేసుకున్నట్టైంది మా పని. చివరికి రికవరీ మోడ్‌లోకెళ్ళి ఆ లైన్ పీకేశాం. అదే, ఆ ఫైల్ మార్చడానికే ఉన్న విసుడో కమాండ్‌తో తెరిచుంటే సేవ్ చేసేటప్పుడే ఫలానా లైన్లో తప్పుందని చెప్పి ఆపేది. ఆ ఒక్క మాట రాయడానికి చోటు లేదా?

ఇంకోటి, అసలు ఆల్, అంటే అన్ని కమాండ్లూ, ఎందుకండీ? మాకు కావాల్సింది ప్రింటర్ మొండికేసినప్పుడు ప్రింటింగ్ నడిపే కప్స్ సర్వీస్ రీస్టార్ట్ చేయడం, అంతకుమించి ఏం లేదు. ఆల్ బదులు ఆ ఒక్క కమాండ్‌నే పూర్తి పాత్‌తో రాసుకుంటే పని జరిగిపోతుంది, నెట్ నుంచి దిగిన ఏ స్క్రిప్టో అడక్కుండా రూట్ అయిపోయే బెడదా ఉండదు. అలాగని నానో లాంటి టెక్స్ట్ ఎడిటర్‌కి ఈ వెసులుబాటు ఇచ్చారనుకోండి, అందులోంచి ఏ ఫైలైనా మార్చేయొచ్చు, ఆల్ ఇచ్చినా ఒకటే ఇది ఇచ్చినా ఒకటే. మన లైన్ ఆ ఫైల్లో సుడో గ్రూప్ (సుడో వాడే హక్కున్న యూజర్ల గుంపు) లైన్ కింద ఉండాలి, పైన రాస్తే పాస్‌వర్డ్ అడుగుతూనే ఉంటుంది, ఎందుకంటే రెండు లైన్లూ మనకి వర్తిస్తే చివరిదే చెల్లుతుంది. ఇదీ మీరు రాయలేదు.

నిజానికి ఉబుంటులో ఒకసారి పాస్‌వర్డ్ కొడితే అదే టెర్మినల్లో 15 నిమిషాలు మళ్ళీ అడగదు, అదీ చాలకపోతే టైమవుట్ గంటకి పెంచుకోవచ్చు. మా షాపులో ఇప్పుడు అదే పెట్టుకున్నాం.

వచ్చే ఆదివారం సవరణ వేయండి, ఈసారి మాత్రం ఆ కమాండ్‌ని తెగకుండా ఒకే లైన్లో, కాలమ్ అడ్డంగా వేసైనా సరే.

మీ పాఠకుడు,
తెనాలి