మాస్టారికి, రక్తమిచ్చిన పిల్లలకి, మా వీధి వాళ్ళందరికి

నాన్న మొన్న గురువారం ఇంటికొచ్చారు. ఆసుపత్రిలో ఇరవై ఆరు రోజులున్నారు. ఆటో దిగి, వాకర్ పట్టుకుని ఒంటికాలి మీద గుమ్మం దాకా తనే వచ్చి, అరుగు మీద కూర్చుని "కాస్త కాఫీ పెట్టమ్మా" అన్నారు. ఆ మాట మళ్ళీ వింటానో లేదో అని భయపడ్డ రోజులున్నాయి. అందుకే ఇది రాస్తున్నాను. ఒక్కొక్కరింటికీ వచ్చి చెప్పాల్సిన మాటే, కానీ నాన్నని వదిలి కదలలేకపోతున్నాను.

తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. నాన్న సైన్యంలో మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌లో పనిచేశారు. 1987 జులై 29న రాజీవ్ గాంధీ, శ్రీలంక అధ్యక్షుడు జయవర్ధనే ఒప్పందం చేసుకున్నాక శాంతి సేన పేరుతో శ్రీలంక వెళ్ళినవాళ్ళలో ఆయనా ఉన్నారు. మన సికింద్రాబాదు నుంచి 54వ డివిజన్ అందరికంటే ముందు వెళ్ళింది. గొడవలు జరగకుండా చూడటానికని వెళ్ళినవాళ్ళు అక్టోబరు కల్లా అక్కడ తమిళులకి వేరే దేశం కావాలని పోరాడుతున్న ఎల్‌టీటీఈతో యుద్ధంలో ఉన్నారు. రోడ్డు మీద మందుపాతరలు వెతికి తీయడం నాన్న వాళ్ళ పని. "జాఫ్నాలో ఎక్కడ చూసినా తాటిచెట్లే. కళ్ళు మూసి తెరిస్తే మన ఊరి పొలిమేరలో ఉన్నట్టుండేది" అంటుంటారు. ఆ తాటిచెట్ల మధ్య దారిలోనే ఆయన ఎడమకాలు మోకాలి కింద నుంచి పోయింది. అప్పటికి ఆయనకి ఇరవై ఏడేళ్ళు. నేను అమ్మ కడుపులో ఉన్నాను.

మొన్న ఆ మోకాలి కిందే, కృత్రిమ కాలు ఒరిసి పుండు పడింది. షుగరు వల్ల అది ముదిరి చీము పట్టింది. మోకాలు కూడా తీసేయాల్సి రావచ్చన్నారు డాక్టరు. ఆపరేషన్‌కి ఓ నెగెటివ్ రక్తం రెండు సీసాలు కావాలన్నారు.

ముందుగా వచ్చింది మా సోషల్ మాస్టారు. వాళ్ళిద్దరి సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఆ యుద్ధం జరగకుండా ఉండాల్సిందని మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా అంటూనే ఉన్నారు. టీకొట్టు దగ్గర నాన్న ముందే అంటారు. 1987 దీపావళి రోజుల్లో జాఫ్నా ఆసుపత్రిలో మన సైన్యం కాల్పుల్లో రోగులు, డాక్టర్లు, నర్సులు చనిపోయిన సంగతి కూడా మొహమాటం లేకుండా ఎత్తారొకసారి. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పటికే నన్ను మద్రాసు తీసుకొచ్చేశారు మాస్టారూ. అక్కడ ఉండుంటే నేనేం చేసేవాడినో నాకు తెలీదు" అన్నారు. ఆ రోజు టీ డబ్బులు మాస్టారే ఇచ్చారు. చిన్నప్పుడు నాకు ఆయనంటే కోపంగా ఉండేది, మా నాన్న కాలికి విలువ లేదంటున్నాడని. ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

ఆసుపత్రిలో మాస్టారు పదకొండు రాత్రులు పడుకున్నారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, కటిక నేల మీద దుప్పటి పరుచుకుని. నన్ను ఇంటికి పొమ్మని తరిమేవారు. మనిషి బతికే ఉన్నారని చూపడానికి నవంబరు 30 లోపు ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ సంగతి నేను పూర్తిగా మర్చిపోయాను. అది ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. మాస్టారికి గుర్తుంది. నాన్న వేలిముద్ర మిషన్ మీద పడకపోతే, ముఖం ఫొటోతో కూడా చేయొచ్చని ఎక్కడో కనుక్కొచ్చి, మంచం మీద నాన్న తల కింద రెండు దిళ్ళు పెట్టి, తల దువ్వి మరీ ఫోను పట్టుకున్నారు. "సర్కారుతో నా తగువు సర్కారుతోనే. నీ పెన్షన్ నీకు రావాలి" అన్నారు నాన్నతో.

రక్తం ఇచ్చింది మిలిటరీ మాధవరం కుర్రాళ్ళు ఇద్దరు. నాన్నని ఎప్పుడూ చూసినవాళ్ళు కాదు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి మిలిటరీకి మనుషుల్ని పంపుతున్న ఊరది. వాళ్ళ ముత్తాతలు తెల్లవాళ్ళ కోసం ఎక్కడెక్కడో పోరాడారు. అది మన యుద్ధమేనా అని దేశంలో కొందరు అడుగుతున్నా, తిరిగొచ్చినవాళ్ళని ఆ ఊరు గుండెల్లో పెట్టుకుంది. నాన్న వాళ్ళకి ఆ అదృష్టం లేదు. 1990 మార్చిలో చివరి దళాలు మద్రాసు రేవులో దిగినప్పుడు స్వాగతం చెప్పడానికి అక్కడి ముఖ్యమంత్రి కరుణానిధి వెళ్ళలేదు. తోటి తమిళుల మీద తుపాకి ఎత్తిన సైన్యమని ఆయన బాధ. ఆ బాధ అబద్ధమని నేననను. కానీ దాదాపు 1,200 మందిని అక్కడ పోగొట్టుకుని ఓడ దిగిన జవాన్లకి ఆ యుద్ధం వాళ్ళు ఎంచుకున్నది కాదు. నాన్న ఆ వార్త పేపర్లో చదివి, పేపరు మడిచి పరుపు కింద పెట్టేశారని అమ్మ చెప్పింది.

రోజూ క్యారియర్ పంపిన ఎదురింటి పిన్నిగారికి, మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్ఎస్ కాగితాలన్నీ చూసుకున్న మాజీ సైనికుల సంఘం బాబాయిగారికి, అడక్కుండానే మా అద్దె ఒక నెల వాయిదా వేసిన ఇంటివాళ్ళకి చేతులెత్తి దండం. మోకాలు దక్కింది. పుండు మానాక కొత్త కాలు కొలతలు తీసుకుంటారు.

ఇంకొకరున్నారు. ఢిల్లీలో చదువుకుంటున్న మా వీధి అబ్బాయి, నాన్న సంగతి విని ఫోన్ చేసి, "తాతగారికి అక్కడ ఏమైనా కావాలా" అన్నాడు. ఢిల్లీలో 2019లో కట్టిన యుద్ధ స్మారకం గోడల మీద శ్రీలంకలో పోయినవాళ్ళ పేర్లు కూడా చెక్కారు. కాలు పోయిన రోజు తన పక్కనే నడిచి, తిరిగి రానివాడి పేరు నాన్న చెప్పారు. ఆ అబ్బాయి ఒక ఆదివారం మొత్తం ఆ గోడల దగ్గర వెతికి, పేరున్న గ్రానైట్ రాయి ఫొటో పంపాడు. నాన్న రెండు వేళ్ళతో ఆ బంగారు అక్షరాల్ని పెద్దవి చేసుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివారు. ఫోను తిరిగివ్వడానికి గంట పట్టింది.

బాబూ, నీ హాస్టల్ అడ్రసు పంపు. ఆత్రేయపురం నుంచి పూతరేకులు తెప్పించి నీకు పంపమని తాతగారు రోజూ అడుగుతున్నారు.