ఈ వేసవి నిధి వేట పెట్టెల గురించి

మా దగ్గర పిల్లల నిధి వేట పెట్టెలు కొనే అందరికీ ఒంగోలు నుంచి నమస్కారం. కొత్త పెట్టె ఎప్పుడొస్తుంది, ధర ఎందుకు పెరిగింది, చిన్న మెటల్ డిటెక్టర్ ఎందుకు తీసేశారు అని చాలామంది అడుగుతున్నారు, అందరికీ కలిపి ఇక్కడే చెప్పేస్తున్నా.

ధర 550 నుంచి 650 అయింది. ఐఎస్ఐ మార్క్ ఉన్న సరుకు రేటు ఈసారి మాకే ఎక్కువ పడింది. మార్క్ లేనివి చాలా తక్కువకే దొరుకుతాయి, కానీ 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకు ఆ మార్క్ తప్పనిసరి, చట్టం సంగతి అలా ఉంచినా ఏ ప్లాస్టిక్కో, ఏ రంగో తెలియనిది పిల్లల చేతిలో పెట్టడానికి నాకు మనసొప్పదు. డిటెక్టర్ ఆపింది కూడా అందుకే.

ఇంకో మార్పు, దీన్ని మాత్రం దయచేసి పూర్తిగా చదవండి. చిన్న అయస్కాంతాలు తీసేసి, నోట్లో పట్టనంత పెద్దది ఒక్కటే పెడుతున్నాం. పిల్లలు రెండు అయస్కాంతాలు మింగితే అవి కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని మధ్యలో పేగును నొక్కేస్తాయి, పేగుకు చిల్లు పడి ఆపరేషన్ దాకా పోతుంది. పెద్దదానితో ఆట ఏమీ తగ్గదు. కొత్తపట్నం బీచ్‌కి వెళ్లినప్పుడు దాన్ని పల్చటి కవర్లో చుట్టి పొడి ఇసుక మీద నెమ్మదిగా లాగించండి, నల్లటి రేణువులు వెంట్రుకల్లా నిక్కబొడుచుకుని కవర్‌కి పట్టుకుంటాయి. కింద తెల్ల కాగితం పెట్టి అయస్కాంతాన్ని కవర్లోంచి బయటికి తీస్తే అన్నీ ఒక్కసారిగా రాలిపోతాయి. అవి ఎక్కువగా మాగ్నటైట్, అంటే ఇనుప ఖనిజం. కవర్ లేకుండా మాత్రం చేయొద్దు, అయస్కాంతానికి పట్టిన ఆ నలుసులు ఒక పట్టాన ఊడవు.

"బంగారు నాణేలు, రంగురాళ్లు పెట్టండి, పిల్లలు సరదా పడతారు" అని కొందరు అన్నారు. మీ మాట అర్థమైందండి, కానీ ప్లాస్టిక్ వజ్రాన్ని పిల్లలు ఒక పూట చూసి పక్కన పడేస్తారు. దాచిపెట్టే నిధిగా మన రాళ్లే ఇస్తున్నాం: మార్కాపురం పలక ముక్క, సైదాపురం వైపు అభ్రకం, పలుగురాయి, చీమకుర్తి గెలాక్సీ రాయి. ఆ చీమకుర్తి ముక్కను భూతద్దం కింద పెట్టి ఎండ పడేలా అటూ ఇటూ తిప్పితే నల్లటి రాయిలో రాగిరంగు చుక్కలు మెరుస్తాయి, పిల్లలు వెంటనే "ఇది బంగారమా?" అని అడుగుతారు. కాదనే చెప్పండి, అది బ్రాంజైట్ అనే ఖనిజం. అందరూ గ్రానైట్ అంటారు కానీ నిజానికి అది గాబ్రో జాతి రాయి. అభ్రకాన్ని అంచున గోరుతో లేపితే ఉల్లిపొరకన్నా పల్చగా పొర ఊడొస్తుంది, అది మాత్రం పెద్దవాళ్లే చేసి చూపించండి, అంచులు గుచ్చుకుంటాయి.

పెట్టె ఐదేళ్లు నిండిన పిల్లలకే. ఇంట్లో అంతకన్నా చిన్న పిల్లలుంటే ఆట అయ్యాక రాళ్లు పైన పెట్టేయండి. భూతద్దంతో సూర్యుణ్ణి చూడనివ్వకండి, ఎండుగడ్డి మీద వదిలేసి రాకండి. మన ఎండలు తెలిసినవే కదా, వేట పొద్దున ఎనిమిది లోపు ముగించేయండి.

ఈసారి పెట్టెలు తక్కువే చేస్తున్నాం, రాళ్ల అంచులు చేత్తోనే అరగదీయాలి కాబట్టి. కావాలంటే పిల్లల వయసు, మీ ఊరు రాసి మెసేజ్ పెట్టండి. పాత ధరకు ముందే డబ్బు కట్టినవాళ్లు అదనంగా ఏమీ ఇవ్వక్కర్లేదు.