బోరు మోటారు స్టార్టరు ప్యానల్‌లో తప్పు రేటింగు ఫ్యూజులపై ఫిర్యాదు

సర్వీసు విభాగం మేనేజరు గారికి,

విషయం: మీ ప్యానల్ కారణంగా కాలిపోయిన 5 హెచ్‌పీ మోటారుకు పరిహారం కోరుతూ.

అయ్యా,

యాసంగి వరికి నీరు పెట్టుకునేందుకు మీ డీలరు వద్ద కొన్న స్టార్టరు ప్యానల్, బిగించిన నాటి నుంచీ మోటారు ఆన్ చేసిన ప్రతిసారీ ఏదో ఒక ఫ్యూజును కాల్చేస్తూనే ఉంది. ఫిర్యాదు చేస్తే వచ్చిన మీ సర్వీసు మెకానిక్, లోపమంతా కరెంటు లైనులోనే ఉందని తేల్చి, రెండు కిట్‌క్యాట్‌లలో (ఫ్యూజు తీగ బిగించే పింగాణీ బిళ్లలలో) ఫ్యూజు తీగకు బదులు మెలేసిన లావుపాటి రాగి తీగ కట్టి, కరెంటు మోతాదు మించితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలేను 16 ఆంపియర్ల వద్దకు తిప్పి, ఇక ఇబ్బంది ఉండదని చెప్పి వెళ్లారు. కొద్ది రోజులకే మోటారు లోపలి తీగచుట్ట (వైండింగ్) కాలిపోయింది. హెచ్చు తగ్గుల వోల్టేజీ వల్ల జరిగిన నష్టానికి వారంటీ వర్తించదని మీ కార్యాలయం రాసిన జవాబును నేను అంగీకరించడం లేదు.

లైనులో షార్ట్ సర్క్యూట్ అయి ఉంటే తీగ ఒక్కసారిగా ఆవిరై పింగాణీ మసిబారేది. నేను దాచి ఉంచిన ఫ్యూజులలో పింగాణీ తెల్లగానే ఉంది. తీగ నడిమిన కరిగి, తెగిన రెండు కొసలా చిన్న గుండ్లు కట్టింది. అది ఓవర్‌లోడ్ గుర్తు. మోటారు నేమ్‌ప్లేటుపై ఉన్న కరెంటు 9.5 ఆంపియర్లు కాగా మీరు పెట్టి పంపినది 10 ఆంపియర్ల ఫ్యూజు తీగ. నేరుగా స్టార్ట్ అయ్యే మోటారు మొదటి క్షణాల్లో అయిదారు రెట్లు, అంటే 50 ఆంపియర్ల దాకా లాగుతుందని మోటారు ప్యానళ్లు చేసే సంస్థకు నేను చెప్పవలసి రావడం విడ్డూరమే. ఆ కాసేపటిని తట్టుకుంటూనే కేబుల్ మోయగల కరెంటును మించని రేటింగు ఉండాలి. నా బోరుకు దించినది 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ కనుక 20 ఆంపియర్ల ఫ్యూజు సరిపోయేది. మోటారు నడుస్తుండగా వచ్చే ఓవర్‌లోడ్‌ను పట్టుకోవలసింది రిలే. దానిని నేమ్‌ప్లేటు కరెంటుకే సెట్ చేయాలి.

మిగిలిన మూడో ఫ్యూజు మోటారు కాలిన రోజు మళ్లీ పోవడంతో మోటారు మూడు ఫేజులకు (కరెంటు తెచ్చే తీగలకు) బదులు రెండు ఫేజుల మీదే నడిచింది. అలా నడిచేటప్పుడు మిగిలిన ఫేజుల్లో కరెంటు దాదాపు 1.7 రెట్లు, అంటే 16 ఆంపియర్ల చుట్టుపక్కలకు చేరుతుంది. రాగి తీగ కరగదు, 16 మీద ఉన్న రిలే పడదు, వైండింగ్ మాత్రం వేడెక్కి కాలుతుంది. వోల్టేజీ తగ్గినా మోటారు కరెంటు పెరుగుతుందన్నది నిజమే, కానీ సరిగా సెట్ చేసిన రిలే ఉంటే ఆ సందర్భంలోనూ అది మోటారును ఆపేసేది.

కనుక రివైండింగ్ ఖర్చు, మోటారును పైకి తీసి మళ్లీ దించిన కూలి పూర్తిగా చెల్లించాలని, సరైన ఫ్యూజులతో పాటు రిలేను సరిచేసి ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్‌ను ఉచితంగా అమర్చాలని కోరుతున్నాను. ఏ హెచ్‌పీకి ఏ ఫ్యూజు వాడాలో ప్యానల్ తలుపు లోపల తెలుగులో పట్టిక అంటించడం మీకు పెద్ద ఖర్చు కాదు. 15 రోజుల్లో లిఖితపూర్వక జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.

బిల్లు, వారంటీ కార్డు, రివైండింగ్ రసీదుల నకళ్లతో పాటు ఫ్యూజుల, రాగి తీగల ఫొటోలు జతచేశాను. అసలు తీగలు నా వద్దే ఉన్నాయి. మీ ఇంజినీరు వస్తే చూపిస్తాను.

భవదీయుడు,
ప్యానల్ కొనుగోలుదారు